మెయిన్ రోడ్డు వెయ్యండి, ముందు మన అమ్మల పేర్లు రాయండి

కొంచెం పెద్ద పోస్ట్, ఓపిగ్గా చదవండి.

2022 ఏప్రిల్ 4న పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లా కేంద్రం అయింది. రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, చింతపల్లి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం వెళ్ళే 516ఈ జాతీయ రహదారి కూడా ఈ ఊరి మీదుగానే. ఇలాంటి ఊళ్ళలో మెయిన్ రోడ్డు వెడల్పు చెయ్యాలి, కాలువలు కట్టాలి అంటే నేను కాదనను. సంత రోజు 108 బండి జనంలో ఇరుక్కుంటే ఎవరి ప్రాణం పోతుంది? మనదే.

కానీ ఒక్క ప్రశ్న. ఆ రోడ్డు బాగుపడ్డాక మన వాళ్ళు ఎక్కడ కూర్చుంటారు?

మన ఏజెన్సీ ఊళ్ళలో చాలాచోట్ల సెంటర్ పుట్టిందే సంత వల్ల. మనం చింతపండు, పసుపు, అల్లం, అడ్డాకులు, కొండచీపుర్లు దింపితే, మైదానం షావుకార్లు ఉప్పు, బట్టలు తెచ్చారు. తర్వాత అప్పులు ఇచ్చారు. అప్పు కింద భూమి పోతోందని 1917లోనే బ్రిటిష్ వాళ్ళు ఏజెన్సీలో వడ్డీకి, భూ బదిలీకి చట్టం తెచ్చారు. పంటకి సరైన ధర రావాలని 1956లో జీసీసీ పెట్టారు. 1959 రెగ్యులేషన్‌ని 1970లో సవరించారు, అదే మనం చెప్పుకునే 1/70. దాని ప్రకారం షెడ్యూల్డ్ ఏరియాలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న స్థిరాస్తి, వేరేగా రుజువు అయ్యేదాకా, గిరిజనుడి నుంచి వచ్చినదే అనుకోవాలి.

ఇన్ని చట్టాలు ఉన్నాయి. ఇప్పుడు మీ ఊరి మెయిన్ రోడ్డు మీద అటు చివర నుంచి ఇటు చివరకి నడవండి. షట్టర్ వెనకాల ఎవరున్నారు, గోనెసంచి మీద ఎవరున్నారు, మీరే లెక్కపెట్టండి.

మా మండల కేంద్రంలో నిరుడు కాలువ తవ్వారు. షాపుల వాళ్ళు మెట్లు కొట్టేసుకుని కాస్త వెనక్కి జరిగారు. మా అమ్మని మాత్రం "ఇక్కడ కాదు, వెనక సందులోకి పో" అన్నారు. అక్కడికి ఎవరొస్తారు? సాయంత్రం అల్లం మళ్ళీ కొండెక్కించలేక, షావుకారు ఎంతంటే అంతకి ఇచ్చేసింది. ఆ నెల హాస్టల్‌కి నాకు డబ్బులు రాలేదు. ఎందుకని నేను అడగలేదు, అమ్మ చెప్పలేదు. పండక్కి ఇంటికెళ్ళాకే తెలిసింది.

షాపు పోతే చూపించడానికి కరెంటు బిల్లు, డోర్ నంబర్ ఉంటాయి. గోనెసంచికి ఏముంటుంది?

వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది కదా అంటారు. అది మున్సిపాలిటీ, నగర పంచాయతీ లాంటి పట్టణ సంస్థల కోసం రాసింది. రాజ్యాంగంలో మున్సిపాలిటీల భాగం షెడ్యూల్డ్ ఏరియాకి దానంతటది వర్తించదని 243ZC అధికరణం చెప్తుంది. అందుకే మన "టౌన్లు" చాలావరకు కాగితం మీద గ్రామ పంచాయతీలే.

ఇది మనకి నష్టం అనుకోకండి. గ్రామ పంచాయతీ అయితే 1996 నాటి పెసా చట్టం ఉంది. సంతలని, మార్కెట్లని ఏ పేరుతో పిలిచినా వాటిని నడిపే అధికారం గ్రామసభకి, పంచాయతీకి ఉండేలా చూడాలని అందులో ఉంది. భూమి సేకరించే ముందు వాళ్ళని సంప్రదించాలని కూడా ఉంది. అంటే సంత ఎక్కడ పెట్టాలో కాంట్రాక్టరు ఒక్కడే తేల్చేది కాదు. కానీ ఆ రోజు గ్రామసభలో మనం లేకపోతే, చట్టం పుస్తకంలోనే ఉండిపోతుంది.

అందుకే సెలవులకి ఇంటికెళ్ళేవాళ్ళు ఈ మూడు పనులు చెయ్యండి.

1. సంత రోజు నేల మీద అమ్ముకునే వాళ్ళ పేరు, ఊరు, ఏం అమ్ముతారు, ఎన్నేళ్ళ నుంచి కూర్చుంటున్నారు, ఒక నోట్‌బుక్‌లో రాయండి. కూర్చునే చోటు ఫోటో తియ్యండి.

2. ఆ లిస్టు గ్రామసభలో చదివించి తీర్మానం రాయించండి. కాపీ తీసుకోండి.

3. రోడ్డు పని ప్లాన్ ఆర్టీఐ పెట్టి అడగండి. అందులో సంతకి రోడ్డు పక్కనే చోటు, నీడ, ఆడవాళ్ళకి మరుగుదొడ్డి ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే పని మొదలవ్వకముందే అడగాలి, కాంక్రీటు పోశాక కాదు.

నేను మా సంతలో మొదలుపెట్టాను. నోట్‌బుక్‌లో మొదటి పేరు మా అమ్మది. రెండో పేరు చెప్పడానికి పక్కన కూర్చునే పిన్ని భయపడింది, "పేరు రాస్తే లేపేస్తారా బాబూ?" అని. రాయకపోతేనే లేపేస్తారు పిన్నీ అని చెప్పాను.

మీ ఊళ్ళో ఎలా ఉందో కింద రాయండి. జై ఆదివాసీ.