మిరపకోతల మోచెయ్యి

టెన్నిస్ ఎల్బో అనగానే మనకి సచిన్ గుర్తొస్తాడు. కానీ గురజాల వైపు రోజంతా మిరపకాయలు కోసే చేతికీ అదే నొప్పి రావచ్చు. కోతల సీజన్లో కూలి పోకూడదని చాలామంది అడిగేది స్టెరాయిడ్ ఇంజెక్షనే. రిలీఫ్ త్వరగా వస్తుంది మరి.

2013లో జామా జర్నల్లో ఆస్ట్రేలియా వాళ్ల ట్రయల్ ఒకటి వచ్చింది. 165 మంది పేషెంట్లు. ఏడాదికి చూస్తే స్టెరాయిడ్ తీసుకున్నవాళ్లలో 83 శాతం కోలుకున్నారు. మందు లేని ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లలోనేమో 96 శాతం! నొప్పి తిరగబెట్టింది మొదటివాళ్లలో 54 శాతానికి, రెండోవాళ్లలో 12 శాతానికే.

సూది గుచ్చేముందే ఈ లెక్క తెలుగులో చెప్పాలి. వద్దనుకుంటారో, సీజన్ గడిస్తే చాలనుకుంటారో ఆమె ఇష్టం. ఇలాంటి ట్రయల్ ఒకటి నరసరావుపేటలో, మర్నాడే చేలోకి వెళ్లక తప్పనివాళ్లతో జరగాలని నా డిమాండ్.