చుక్కల జోరు తగ్గింది

ఆకాశంలో కొత్త చుక్కలు పుట్టడం ఏనాడో మందగించింది. విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్లు. గెలాక్సీలు జోరుగా నక్షత్రాలను పుట్టించింది సుమారు 1,000 కోట్ల ఏళ్ల కిందట. ఇవాళ ఆ జోరులో పదోవంతు మిగిలింది. ఖగోళ శాస్త్రజ్ఞులు పియరో మదావ్, మార్క్ డికిన్సన్ అప్పటిదాకా వచ్చిన కొలతలన్నీ కూర్చి 2014లో తేల్చిన మాట ఇది. 460 కోట్ల ఏళ్ల మన సూర్యుడు, సగానికి పైగా నక్షత్రాలు పుట్టేశాక వచ్చినవాడే.

ఎంత దూరం చూస్తే అంత పాత కాలం కనిపిస్తుంది కదా. అందుకే రకరకాల దూరాల్లోని గెలాక్సీల వెలుగును కొలుస్తారు. భారీ నక్షత్రాలు అతినీలలోహిత కాంతిని వెదజల్లి తొందరగా ఆరిపోతాయి. ఆ కాంతి కనబడిందంటే అక్కడ ఈమధ్యే నక్షత్రాలు పుట్టాయన్నమాట. కానీ ధూళి దాన్ని మింగేసి పరారుణ కాంతిగా వదులుతుంది. రెండూ కలపకపోతే లెక్క తప్పుతుంది.

ఇంకో ఆనవాలు, కాంతిని రంగులుగా విడదీస్తే కనబడే హైడ్రోజన్ ఎర్రగీత. హైడ్రోజన్ గీతలతో మనకు పాత చుట్టరికమే ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం నాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరులో స్పెక్ట్రోస్కోపు పెట్టుకుని, సూర్యుడి అంచున ఎగసే జ్వాలల్లో ఉన్నది హైడ్రోజనేనని ఆ గీతలతోనే పోల్చుకున్నాడు. మర్నాడు గ్రహణం లేకుండానే వాటిని మళ్లీ చూశాడు.

మరి జోరెందుకు తగ్గింది? జవాబులో పెద్ద ముక్క పుణె దగ్గరి జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపు ఇచ్చింది. ఆదిత్య చౌధురి, నిస్సిమ్ కనేకర్ బృందం 800 కోట్ల ఏళ్ల నాటి 7,653 గెలాక్సీల్లోని హైడ్రోజన్‌ను కొలిచి 2020లో ప్రకటించింది. ఒక్కో గెలాక్సీ సంకేతం విడిగా అందనంత బలహీనం. విజయనగరం సిరిమానోత్సవంలో ఒక్కడి కేక పక్కవాడికే వినబడదు. వేలమంది ఒక్కసారి జై కొడితే ఊరంతా వినబడుతుంది. వీళ్లూ సంకేతాలన్నిటినీ కలిపే విన్నారు. ఆ గెలాక్సీల దగ్గరున్న, నక్షత్రాలకు ముడిసరుకైన హైడ్రోజన్ 100 నుంచి 200 కోట్ల ఏళ్లకే సరిపోతుందని తేలింది. బయటి నుంచి వచ్చిపడే వాయువు చాలక నక్షత్రాల పుట్టుక తగ్గిందన్నమాట. కొత్త టెలిస్కోపు కట్టకుండా, ఉన్నదాన్నే మెరుగుపరిచి ఇంత సాధించడం నాకు మరీ నచ్చింది.

ఉత్తరాంధ్రకు ఈ ఖగోళ చదువు కొత్తేం కాదు. 1840లోనే గొడే వెంకట జగ్గారావు విశాఖలో సొంత వేధశాల కట్టుకున్నారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874లో సూర్యబింబం మీదుగా శుక్రుడు సాగిపోవడాన్ని అక్కడే పరిశీలించారు. ఆ వారసత్వం ఇప్పుడు మన కాలేజీల్లో ఎక్కడుంది?

ఏటా మార్చి, అక్టోబరుల్లో సూర్యకిరణాలు మూలవిరాట్టు పాదాలు తాకే వేళ అరసవల్లి సూర్యదేవాలయానికి జనం పోటెత్తుతారు. శ్రీకాకుళం, విజయనగరం కాలేజీల ఫిజిక్స్ మేష్టార్లు ఆ రోజుల్లో గుడి బయట ఓ బల్ల వేసి, తెల్లకాగితం మీద పడ్డ ఎండను స్పెక్ట్రోమీటరులోంచి చూపిస్తే చాలు. అదే హైడ్రోజన్ గీత సూర్యకాంతిలో నల్లగా కనబడుతుంది. దానికి కొత్తగా నిధులేం అక్కర్లేదు. స్పెక్ట్రోమీటరు, గ్రేటింగు బీయస్సీ ల్యాబుల్లో ఉండేవే. ప్రిన్సిపాళ్లు బీరువా తాళాలు ఇప్పించండి.