ఖాళీ లిస్టుకి తల ఎక్కడిది?

హాస్కెల్‌లో ఖాళీ లిస్టుని హెడ్ ఫంక్షన్‌కి ఇచ్చి చూడండి. టైపుల లెక్కన అంతా సవ్యమే, రన్ చేశాకే ప్రోగ్రాం చతికిలపడుతుంది. 2023లో వచ్చిన జీహెచ్‌సీ 9.8 నుంచి హెడ్, టెయిల్ వాడితే కంపైలర్ వార్నింగ్ ఇస్తోంది. మంచిదే.

"మేబీ వాడితే సరి" అంటారు మనవాళ్లు. వాడతారు, నథింగ్ వచ్చినచోట సున్నా పెట్టేసి చేతులు దులుపుకుంటారు. నన్నడిగితే ఇది క్రాష్ కంటే ప్రమాదం. పరీక్షే రాయనివాడి సగటూ, అన్నిట్లో సున్నా తెచ్చుకున్నవాడి సగటూ ఒకటేనా? క్రాష్ అయితే కనీసం తెలిసేది. ఈ దొంగ సున్నా మార్కుల్లో కలిసిపోతుంది.

సగటు కట్టే ఫంక్షన్ నాన్‌ఎంప్టీ లిస్టునే అడగాలంటాను. అప్పుడు ఖాళీయా కాదా అన్నది డేటా లోపలికొచ్చే గుమ్మం దగ్గరే ఒక్కసారి తేలిపోతుంది. "గైర్హాజరు" అని రాయాల్సిందీ అక్కడే. లోపలి ఫంక్షన్లకి మళ్లీ అనుమానం అక్కర్లేదు. రాయాల్సింది కాస్త పెరుగుతుంది, నిజమే. మన ల్యాబ్ రికార్డులంత కాదు లెండి.