బిడ్డ భాష తెలిసిన నిపుణులు బడికి కావాలి

ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లిషు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలలో మన పిల్లలు అనేకమంది ఈ మూడు భాషల నడుమ పెరుగుతున్నారు. మూడవ తరగతికి వచ్చినా అక్షరాలు కూడబలుక్కోలేని బిడ్డకు బడిలో ‘మొద్దు’ అని పేరు పడుతుంది. ఇంట్లో నజర్ తగిలిందని తాయెత్తు కడతారు. ఆ బిడ్డది భాష అలవాటు కాని ఇబ్బందా, డిస్లెక్సియా వంటి అభ్యసన లోపమా, వినికిడి లోపమా, భయమా? ఈ ప్రశ్నకు జవాబు వెదకడమే పాఠశాల మనస్తత్వ నిపుణుల పని.

విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ మరణించిన 17 ఏళ్ల విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న మార్గదర్శకాలు జారీ చేసింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో పిల్లల మానసిక ఆరోగ్యంపై శిక్షణ పొందిన కౌన్సెలర్, సైకాలజిస్ట్ లేదా సామాజిక కార్యకర్త ఒకరైనా ఉండాలన్నది. చట్టం వచ్చేవరకు ఇవి అమలులో ఉంటాయని స్పష్టం చేసింది. 2016లో మొదలైన మన మైనారిటీ గురుకులాలలో పిల్లలు అమ్మానాన్నలకు దూరంగా ఉంటారు గనుక ఈ అవసరం అక్కడ మరింత ఎక్కువ.

అయితే ఉత్తర్వుతో నిపుణులు పుట్టుకురారు. అమెరికాలో ఈ వృత్తికి డిగ్రీ తరువాత కనీసం 60 సెమిస్టర్ క్రెడిట్ల చదువు, 1,200 గంటల ఇంటర్న్‌షిప్ ప్రమాణంగా ఉన్నాయి. అందులో కనీసం 600 గంటలు బడిలోనే గడపాలి. మన దగ్గర ఉస్మానియాలో సైకాలజీ పీజీ ఉన్నది. ఎన్‌సీఈఆర్‌టీ నడిపే మార్గదర్శన, కౌన్సెలింగ్ డిప్లొమాలో ఆరు నెలలు ఇంటివద్ద చదువు, మూడు నెలలు ప్రత్యక్ష శిక్షణ, మూడు నెలలు ఇంటర్న్‌షిప్ ఉంటాయి.

ఈ వృత్తికి క్షేత్రానుభవమే ప్రాణం. తరగతిలో బిడ్డను గమనించడం, తల్లిదండ్రుల అనుమతితో పరీక్షించడం, బిడ్డ చెప్పిన రహస్యాన్ని కాపాడడం, ప్రాణాపాయం కనిపిస్తే వెంటనే పెద్దలకు, వైద్యులకు తెలియజేయడం అనుభవజ్ఞుల పర్యవేక్షణలోనే అలవడతాయి. శిక్షణార్థులు నగరపు బడులలోనే గంటలు పూర్తి చేసుకుని వస్తే మన బిడ్డ మాట వారికి అందదు. రాని భాషలో పెట్టిన పరీక్షలో తక్కువ మార్కులు వస్తే, అది తెలివి లోపంగా నమోదయ్యే ప్రమాదం ఉన్నది. ఆ ముద్ర బిడ్డను ఏళ్ల తరబడి వెంటాడుతుంది.

అందుచేత మేము కోరుతున్నది ఇది. ఉపాధ్యాయులకు అదనపు బాధ్యతగా అంటగట్టక, గురుకులాలలో కౌన్సెలర్ పోస్టులను విడిగా మంజూరు చేయాలి. విశ్వవిద్యాలయాలు తమ శిక్షణార్థులను స్టైపెండుతో, పర్యవేక్షణతో మన మూడు పట్టణాల బడులకు పంపాలి. ఉర్దూ, తెలుగు రెండూ వచ్చినవారికి ప్రాధాన్యం ఇవ్వాలి. 2019లో ప్రారంభమైన సూర్యాపేట, నల్లగొండ ప్రభుత్వ వైద్య కళాశాలలతో బడులను అనుసంధానించాలి.

మన వంతు కూడా ఉన్నది. డిగ్రీ పూర్తయిన ఆడపిల్లను హైదరాబాదుకు పంపడానికి వెనుకాడే కుటుంబాలు మనలో తక్కువేమీ కాదు. క్షేత్రశిక్షణ సొంత ఊరిలోనే దొరికితే ఆ వెనుకంజ కొంతైనా తగ్గుతుంది. బీసీ-ఇ వర్గాలకున్న 4 శాతం రిజర్వేషన్‌ను ఇంజనీరింగ్, ఫార్మసీ సీట్లకే కాక ఈ చదువుకూ వినియోగించుకోవాలి. మస్జిద్ కమిటీలు, విద్యా సహాయ సంఘాలు ఏటా ఒక్కో పట్టణం నుండి ఒక్క విద్యార్థినికైనా తోడు నిలవాలి.

కౌన్సెలర్ దగ్గరకు వెళ్లడమంటే పిచ్చి పట్టడం కాదని ఇంటింటా చెప్పుకోవాలి. నిపుణులు వచ్చేవరకు బిడ్డ మనసు కుంగినట్లు కనిపిస్తే టెలి-మానస్ నంబరు 14416కు ఫోను చేయండి. బిడ్డ మౌనాన్ని మొండితనమని కొట్టిపారేయకండి.