కందకం పూడ్చకముందే లోతు కొలవండి

గ్రామస్థులకు, సర్పంచులకు, వార్డు సభ్యులకు విన్నపం!

రోడ్డు పక్కన ఫైబర్ కేబుల్ కోసం కందకం తవ్వుతుంటే మన చూపంతా నీళ్ల పైపు పగులుతుందేమో, రోడ్డు పాడవుతుందేమో అన్న దాని మీదే ఉంటుంది. ఎంత లోతు తవ్వారో ఎవరూ అడగడం లేదు. అడగాల్సింది అదే.

మామూలు నేలలో ఫైబర్ కేబుల్‌ను 1.65 మీటర్ల లోతున వేయాలన్నది బీఎస్‌ఎన్‌ఎల్ పాటిస్తూ వచ్చిన ప్రమాణం. నాగలికీ పైపైన జరిగే తవ్వకాలకూ అందకుండా ఉండాలన్నది ఒక కారణం. అంత లోతు వల్ల ఎండ నుంచి కూడా రక్షణ దొరుకుతుంది.

మే నెల మిట్టమధ్యాహ్నం కాలు మోపలేని నేలను రెండు జానలు తవ్వి చూడండి, అడుగున చల్లగా తగులుతుంది. పగటికీ రాత్రికీ ఉండే వేడి తేడా అర మీటరు దాటాక దాదాపు కనిపించదు. వేసవికీ చలికాలానికీ ఉన్న తేడా ఇంకా లోతుకు దిగుతుంది. 1.65 మీటర్ల దగ్గర అది సుమారు సగానికి తగ్గి, నెలకు పైగా ఆలస్యంగా, నిదానంగా చేరుతుంది. అడుగు లోతున పడేసిన కేబుల్‌కు ఆ నిదానం లేదు. అది రోజూ ఎంతో కొంత వేడెక్కి చల్లారుతూనే ఉంటుంది.

ఫైబర్ ఒక డిగ్రీ వేడెక్కితే, అందులో సంకేతాలు మోసే కాంతి కిలోమీటరుకు దాదాపు 40 పికోసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లవ వంతు. పుణె దగ్గర ఖోడద్‌లో 30 డిష్‌ల సంకేతాలను ఫైబర్ మీదుగా ఒకచోటికి చేర్చే జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపు లాంటి చోట్ల ఇది పట్టించుకోవలసిన తేడా. మన ఫోన్లకూ ఇంటర్నెట్‌కూ దీనితో ఇబ్బంది లేదు. లేని భయం పెట్టడం మా ఉద్దేశం కాదు.

ఊళ్లకు అసలు బెడద వేరే ఉంది. వేడికి ఫైబర్‌లోని గాజు పోగు సాగేదానికన్నా దాని చుట్టూ ఉన్న ప్లాస్టిక్ ఎన్నో రెట్లు ఎక్కువ సాగుతుంది, చలికి అలాగే ముడుచుకుంటుంది. సరిగా వేసిన కేబుల్‌లో గాజు పోగు గొట్టంలో వదులుగా ఉంటుంది కాబట్టి ఆ సాగుడును తట్టుకుంటుంది. బిగలాగి వేసినా, కల్వర్టు మీద ఎండకు వదిలేసినా, జాయింట్ బాక్సులో ఇరికించి చుట్టినా ఆ పోగు వంగుతుంది. వంగినచోట కాంతి బయటికి పోతుంది. మధ్యాహ్నం ఒకలా, తెల్లవారుజామున ఇంకోలా ఉండే ఇలాంటి లోపం, బాగుచేసే మనిషి వచ్చే వేళకు కనిపించకుండా పోవచ్చు. నల్లరేగడిలో బాధ ఇంకా ఎక్కువ. వేసవిలో నెర్రెలు విచ్చి, వానలకు ఉబ్బే ఆ నేల, పైపైన వేసిన కేబుల్‌ను ఏటా గుంజుతుంది.

అందుకే కోరుతున్నాం. కందకం పూడ్చే ముందు పంచాయతీ మనిషి ఎదుట టేపు పెట్టి లోతు కొలవాలి, ఫొటో తీయాలి, ఆ కొలతే పనుల కొలతలు రాసే ఎం.బుక్‌లోకి ఎక్కాలి. రాతినేలలో అంత లోతు కుదరదు, నిజమే. అలాంటి చోట గట్టి పైపు, దాని మీద కాంక్రీటు ఉన్నాయో లేదో చూడాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది, కేబుల్ పరీక్ష ఒక్కసారితో ముగియకూడదు. పోగులో కాంతి ఎక్కడ తగ్గుతోందో చూపే ఓటీడీఆర్ యంత్రంతో మే నెల మధ్యాహ్నం ఒకసారి, జనవరి తెల్లవారుజామున ఇంకోసారి, 1550, 1625 నానోమీటర్ల కాంతి తరంగదైర్ఘ్యాల దగ్గర చూడాలి. పోగు ఎక్కడైనా వంగి ఉంటే అక్కడే బయటపడుతుంది. ఆ రెండు పరీక్షలూ నెగ్గాకే కాంట్రాక్టరుకు చివరి బిల్లు చెల్లించాలి.

వచ్చే గ్రామసభలో ఈ మాట తీర్మానంగా పెట్టండి. మీ ఊళ్లో కందకం ఇంకా తెరిచే ఉంటే, ఈరోజే టేపు పట్టుకుని వెళ్లండి.