అసలు, నకలు, నకిలీ

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి మోటారు ఇంజనుతో ఏం పని అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. నిరుడు మాఘమాసం దాకా నేనూ అలాగే అనుకున్నాను. తాళంచెవి తిప్పితే కదిలేదీ, బ్రేకు తొక్కితే ఆగేదీ కారు అని మాత్రమే నాకు తెలుసు. నడుమ ఏం జరుగుతుందో తెలుసుకోవలసిన అవసరం ఒక రాత్రివేళ హనుమాన్ జంక్షనుకి ఇవతల, చీకట్లో రోడ్డు పక్కన నిలబడినప్పుడు కలిగింది.

కథ మొదటినుంచీ చెప్పాలి.

మాకొక పాత కారు వుంది. మరొకరు వాడి అమ్మగా కొన్నది. విజయవాడ ఆటోనగరులో ఒక మేస్త్రీ దాని మంచిచెడ్డలు చూస్తూ వుంటాడు. ఏభై దాటిన మనిషి, మాట తక్కువ. సంక్రాంతి వెళ్ళాక సర్వీసుకి ఇస్తే, ఆయన బానెట్ ఎత్తి చూసి, "మాస్టారూ! టైమింగు బెల్టు ఎప్పుడు మార్చారో మీకు అమ్మినాయన చెప్పారా?" అని అడిగాడు.

చెప్పలేదన్నాను.

"అయితే మార్చేద్దామండీ. కంపెనీ సరుకైతే బెల్టూ, దాన్ని బిగువుగా పట్టివుంచే టెన్షనరూ కలిపి 4,200 అవుతుంది."

ఇక్కడ నాలో గృహస్థు మేలుకున్నాడు. వంకాయలు కొన్నా వాచీ కొన్నా, బేరమాడకపోతే మోసపోయామని బెంగపడే జాతి మనది. "ఇంతకన్నా చవకలో లేదా?" అన్నాను.

"వుందండీ. 1,500కి వస్తుంది. కాని అది వేయించుకోమని నేను చెప్పను."

"ఎంత కంపెనీదైనా అదీ రబ్బరే, ఇదీ రబ్బరే గదా!"

మేస్త్రీ నా మొహంకేసి ఒకసారి చూశాడు. "మీ ఇష్టం మాస్టారూ" అన్నాడు.

మొత్తం మీద 2,700 మిగిలింది. ఇంటికొచ్చి ఈ విజయాన్ని మా ఆవిడకి వర్ణించి చెప్పాను. ఆవిడ బియ్యం ఏరుతూ, "తగ్గింది ధరేనా, సరుకు కూడానా?" అంది. యంత్రాల సంగతి ఆవిడకేం తెలుసునని నవ్వేశాను. నాకేం తెలుసునో మాత్రం ఆలోచించుకోలేదు.

మాఘమాసంలో ఏలూరులో మా మేనకోడలి పెళ్ళి. ముహూర్తం రాత్రి 1 గంట 5 నిమిషాలకి. ఇంటిల్లిపాదీ ముందే వెళ్ళారు. కాలేజీలో పరీక్షల పని వుండి నేను రాత్రి పదిన్నరకి ఒక్కణ్ణీ కార్లో బయలుదేరాను. పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మండపంలోకి తేవలసినవాడు మేనమామ. మా అక్కయ్యకి నేనొక్కణ్ణే తమ్ముణ్ణి. ఆ పిల్ల నాలుగేళ్ళప్పుడే, "మామయ్యా, నన్ను నువ్వే ఎత్తుకురావాలి" అని మాట తీసుకుంది.

గన్నవరం దాటాను. ముందుగా ఏదో కీచుమన్న చప్పుడు. తరువాత ఒక్క దెబ్బ. అంతే, ఇంజను మూగబోయింది. స్టీరింగు రాయిలా బిగుసుకుంది. వెనకనుంచి లారీలు హారన్లు కొడుతూ దూసుకొస్తున్నాయి. ఎలా పక్కకి తీశానో ఇప్పటికీ నాకు తెలియదు. తాళంచెవి ఎన్నిసార్లు తిప్పినా లోపల ఏదో వట్టినే తిరుగుతున్న చప్పుడే గాని ప్రాణం రాలేదు. చివరికొక లారీ డ్రైవరు దయతలిచి ఎక్కించుకున్నాడు. కల్యాణమండపం చేరేసరికి ఒంటిగంటా నలభై. జీలకర్రా బెల్లం అయిపోయాయి. మా బాబాయి కొడుకు బుట్ట మోసుకొచ్చాడట.

అక్కయ్య ఒక్క మాట అనలేదు. "అన్నం తిన్నావురా?" అని మాత్రం అడిగింది. అంతకన్నా నాలుగు తిట్టివుంటే బాగుండేది.

ఆ రాత్రే పెళ్ళిపందిట్లో పదిమందికీ చెప్పాను, ఆటోనగరులో ఫలానా మేస్త్రీ నన్ను నట్టేట ముంచాడని. సోమవారం స్టాఫురూములోనూ చెప్పాను. నాకు జరిగిన అన్యాయం విని ఇద్దరు మిత్రులు తమ కార్లు ఆయన దగ్గర మాన్పించేశారు.

బండిని లాక్కొచ్చి ఇంజను పైభాగం విప్పాక మేస్త్రీ కబురు చేశాడు. వెళ్ళాను, కోపంగానే. ఆయన ఏమీ వాదించకుండా ఒక్కొక్కటే చేతిలో పెట్టి చూపించాడు. ఆ పూట నేను శిష్యుణ్ణి.

ఇంజనులో పిస్టను కిందికీ మీదికీ ఆడుతుంది. దాని నెత్తిన వాల్వులు తెరుచుకుంటూ మూసుకుంటూ వుంటాయి. గాలీ పెట్రోలూ లోపలికి రావాలన్నా, పొగ బయటికి పోవాలన్నా ఆ తలుపులే దారి. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. ఇంజనులో ఇమిడించారు! పిస్టను పైకి వచ్చే చోటికే వాల్వు కిందికి దిగుతుంది. కాకపోతే ఒకటి వున్నప్పుడు ఇంకొకటి వుండదు. ఆ వంతులు తప్పకుండా చూసేది టైమింగు బెల్టు. కింది ఇరుసు రెండు చుట్లు తిరిగితే, వాల్వుల్ని నడిపే పై ఇరుసు సరిగ్గా ఒక చుట్టు తిరగాలి. నిమిషానికి 3,000 చుట్ల వేగంలో పోతున్నామనుకోండి. ఒక్కొక్క వాల్వు నిమిషానికి 1,500 సార్లు, అంటే సెకనుకి 25 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. బెల్టు తెగిందా, వాల్వు ఎక్కడిదక్కడే ఆగిపోతుంది. పిస్టను ఆగదు. వచ్చి కొడుతుంది. వాల్వు వంగిపోతుంది. కొన్ని ఇంజన్లలో రెండింటికీ ఎడం వుండి ఈ ప్రమాదం తప్పుతుంది. కొన్నిటికి బెల్టుకి బదులు గొలుసు వుంటుంది. నా కారు ఆ పుణ్యాలు చేసుకోలేదు.

"మరి రెండూ రబ్బరే గదా?" అని నేను మళ్ళీ అడగలేదు. ఆయనే చెప్పాడు. మంచి బెల్టు లోపల గాజునార తాళ్ళుంటాయి. ఎంత లాగినా సాగకుండా పట్టివుంచేవి అవే. పళ్ళమీద అరగని గుడ్డ పొర వుంటుంది. రబ్బరు కూడా ఇంజను వేడికి ఏళ్ళతరబడి ఓర్చుకునే రకం. ఇవేవీ పైకి కనబడవు. నల్లగా వుండటంలో మంచిదీ చెడ్డదీ ఒక్కటే. నా విషయంలో ముందు చెడింది టెన్షనరు. దాని బేరింగులో గ్రీజు ఎండిపోయి బిగుసుకుంది. కదలని చక్రం మీద బెల్టు రాసుకుని రాసుకుని పళ్ళు ఊడిపోయాయి. వాల్వులూ, వాటి గైడ్లూ, హెడ్డు గాస్కెట్టూ, హెడ్డు చదును చేయించడమూ, కూలీ, బండి లాగించిన ఖర్చూ కలిపి 41,000. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకోవడమంటే ఇదే.

ఇంతలో షెడ్డులో పనినేర్చుకునే కుర్రవాడు అటకమీంచి ఖాళీ అట్టపెట్టె ఒకటి తెచ్చి, "ఇది చాలని మీరే గదా సార్ అన్నారు!" అన్నాడు. మేస్త్రీ వాణ్ణి కసిరి పంపేశాడు. తరువాత నాతో, "తప్పు నాది కూడా వుంది మాస్టారూ. వెయ్యను, బండి తీసుకుపొండి అనవలసింది. అంటే మీరు ఇంకొకరి దగ్గరికి పోతారు. ఆ భయంతో వేశాను" అన్నాడు.

తిలాపాపం తలా పిడికెడు. అందులో నా పిడికిలి పెద్దది.

తెలుగు మేష్టర్ని గనక ఇంటికొస్తూ మాటల గురించి ఆలోచించాను. అసలు, నకలు, నకిలీ. మూడూ అరబ్బీలో పుట్టి ఉర్దూ మీదుగా మన కచేరీల్లోకి వచ్చిన మాటలే. నకలూ నకిలీ అన్నదమ్ములు. అయినా మన వాడుకలో ఎంత తేడా! రిజిస్ట్రారు ఆఫీసులో దస్తావేజుకి నకలు తీసుకుంటే అది నమ్మదగిన ప్రతి. నకిలీ అంటే మోసం. కారు భాగాల్లోనూ ఈ మూడు తరగతులున్నాయి. కారు కంపెనీ పెట్టెలో వచ్చేది అసలు. వేరే తయారీదారు తన పేరుతో, తన చిరునామాతో, తన పూచీమీద అమ్మేది నకలు. దాన్ని చూసి భయపడనక్కరలేదు. కారు కంపెనీలకి సరఫరా చేసే కర్మాగారాలే అదే సరుకుని తమ పెట్టెల్లో కాస్త తక్కువకి అమ్మడం కద్దు. మూడోది, పేరూ వూరూ లేనిదీ, లేక ఇంకొకరి పేరు దొంగిలించినదీ. అదే నకిలీ. చవక అన్న ఒక్క మాట కింద మనం రెండోదాన్నీ మూడోదాన్నీ కలిపేస్తున్నాం.

బెల్టు ఒక్కటే కాదు. ఇంజను ఆయిలు వడగట్టే ఫిల్టరు వుంది. నాసిరకందాని లోపలి కాగితం నలిగిపోయిందా, మురికి ఆయిలు తిన్నగా బేరింగుల్లోకి పోతుంది. గాలి వడగట్టే ఫిల్టరు అంచు సరిగా అతకకపోతే రోడ్డుమీది దుమ్మంతా సిలిండరులోకి పోయి ఆకురాయిలా అరగదీస్తుంది. వందా రెండువందల మిగులుకోసం ఇంజను పణం పెడుతున్నామన్నమాట.

మేస్త్రీ చెప్పిన జాగ్రత్తలు నాలుగే. మీ కారు పుస్తకంలో రాసిన భాగం నెంబరు, పెట్టెమీది నెంబరు సరిపోవాలి. పెట్టెమీద తయారీదారు పేరు, చిరునామా, ధర, నెల, సంవత్సరం చూడాలి. అచ్చుతప్పులుంటే అనుమానించాలి (ఇది మాత్రం నాకు చేతనైన పని). పాత భాగమూ, కొత్తదాని ఖాళీపెట్టే అడిగి తీసుకోవాలి. అన్నిటికీ మించి రసీదు పుచ్చుకోవాలి. ఇంకొకరి గుర్తు వేసి సరుకు అమ్మినవాడికి 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం ఆరు నెలలనుంచి మూడేళ్ళ దాకా జైలు, 50,000 నుంచి 2,00,000 దాకా జరిమానా పెట్టింది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టమూ నకిలీ సరుకుని పేరుపెట్టి చెప్పింది. కాని "బిల్లు వద్దులే, ఇంకో వంద తగ్గించు" అన్నవాడి గోడు ఏ చట్టం వింటుంది? నేను అలా అన్నవాణ్ణే.

మన భాషలో అసలు అన్న మాటకి ఇంకొక అర్థం వుంది. అప్పుగా తీసుకున్న మొదటి సొమ్ము. ఆటోనగరులో 2,700 మిగుల్చుకున్నాననుకున్నాను. నిజానికి అది అప్పు తెచ్చుకున్నాను. వడ్డీ 41,000 అయింది. పెళ్ళిలో పోయిన ఆ పది నిమిషాలు లెక్కలో వెయ్యలేదు.

తరువాత స్టాఫురూములో మళ్ళీ చెప్పాను, తప్పు మేస్త్రీది కాదు, నాదేనని. మొదటిసారి చెప్పినప్పుడు అందరూ టీ చల్లారిపోతున్నా విన్నారు. రెండోసారి గంట కొట్టారని లేచిపోయారు. ఒక మిత్రుడు కారుని తిరిగి ఆయన దగ్గరికి పంపాడు. రెండోవారు ఇంకా పంపలేదు. కనబడినప్పుడల్లా గుర్తుచేస్తూనే వున్నాను.

ఆషాఢానికి మేనకోడలు పుట్టింటికి వచ్చింది. చూడటానికి ఏలూరు వెళ్ళాను, కార్లోనే. అమ్మాయి వీధిగుమ్మంలో నిలబడి, కారునీ నన్నూ మార్చి మార్చి చూసి, "మామయ్యా, ఇప్పుడు వచ్చావా! బుట్ట తెప్పించమంటావా?" అంది.

అక్కయ్య ఈసారి నవ్వింది.