కాఫీ ఎన్నింటికి తాగారు?

మొన్న మా బాబాయిగారికి మోకాలి ఆపరేషనయింది. మా ఏ.ఎస్. రావు నగర్‌కు దగ్గర్లోని ఆసుపత్రే. మర్నాడు అయిదింటికి నేను వెళ్ళేసరికి పిన్ని ఆయన మొహంలోకి అదోలా చూస్తోంది.

"ఒరే, మీ బాబాయి మూతి ఓ పక్కకి పోయిందిరా! కుడిచెయ్యి లేవటం లేదు."

నర్సమ్మ వచ్చి, "మత్తు ఇంకా దిగలేదులెండి" అంటూ మాత్ర మింగించబోయింది. పిన్ని గ్లాసు లాక్కుంది. ఆ స్థితిలో మింగితే పొరబోయి ఊపిరితిత్తుల్లోకి పోతుంది మరి.

ఆసుపత్రిలోనే ఉన్నాం గదా, ఇంకేం భయమనుకుంటాం. అదే పొరపాటు సుమండీ! వార్డులో వచ్చిన పక్షవాతాన్ని మత్తనీ, నీరసమనీ సరిపెట్టుకోవడం లోకమంతటా ఉన్నదే. పక్షమంటే పార్శ్వం, పదిహేను రోజులూ పక్షమే. (తెలుగు పంతులి బుద్ధి పోదుగా!) ఈ వాతానికి మాత్రం పదిహేను నిమిషాల ఓపికైనా లేదు. మెదడులో పెద్ద రక్తనాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు చస్తాయని 2006లో జెఫ్రీ సేవర్ అనే అమెరికా డాక్టరు లెక్కగట్టాడు.

డ్యూటీ డాక్టరు పరుగున వచ్చి అడిగిన మొదటి ప్రశ్న: "చివరిసారి మామూలుగా ఎప్పుడున్నారు?"

పిన్ని తడుముకోలేదు. "నాలుగున్నరకి. కాఫీలో పంచదార చాల్లేదని నన్ను కేకలేశారు."

రక్తంలో చక్కెర చూశారు, తల స్కానింగు తీశారు. గడ్డ కరిగించే ఇంజక్షను నాలుగున్నర గంటల్లోగా ఇస్తారట. కాని ఆపరేషను గాయం ఇంకా పచ్చిది, రక్తం ఆగదని మానేశారు. తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నని గొట్టం మెదడుదాకా పంపి గడ్డను లాగేశారు.

మూడోనాడు బాబాయి కుడిచేత్తో గ్లాసు పట్టుకున్నారు. మాట ఇంకా ముద్దముద్దగానే ఉంది. ఆ ముద్దలో పంచదార అన్న మాట మాత్రం పిన్నికి తెలిసింది.